ఇంటి ఏసీ నిర్వహణ: ఖర్చు, ప్రయోజనం

నిర్వహణ ఖర్చును దానివల్ల తప్పే నష్టంతో పోల్చి చూడాలి. ఏసీలో దుమ్ము పేరుకుంటే గాలి ప్రవాహం తగ్గుతుంది. కంప్రెసర్ ఎక్కువసేపు పనిచేసి విద్యుత్తు వాడకం పెరుగుతుంది.

ఉదాహరణ: ఎల్లారెడ్డిలో ఒక ఇంటి ఏసీ ఈ కారణంగా వేసవిలో 100 రోజులపాటు రోజుకు 1 యూనిట్ అదనంగా వాడుతోందనుకుందాం. యూనిట్ 8 రూపాయలైతే నష్టం 800 రూపాయలు. కామారెడ్డి నుంచి మెకానిక్‌ను పిలిపిస్తే సర్వీసింగ్‌కు 600, రానుపోను ఖర్చులకు 300, మొత్తం 900 రూపాయలు అవుతాయనుకోండి. విద్యుత్తు ఆదా ఒక్కటే చూస్తే ఇది గిట్టుబాటు కాదు. ఇరుగుపొరుగు మూడు ఇళ్లవారు కలిసి పిలిపిస్తే ఒక్కో ఇంటి ఖర్చు 700 రూపాయలకు తగ్గి, 100 రూపాయలు మిగులుతాయి.

ఫిల్టర్‌ను రెండు వారాలకొకసారి మనమే కడిగి, ఆరబెట్టి అమర్చుకోవచ్చు. కాయిల్ శుభ్రత వంటి పనులకు మాత్రమే వేసవికి ముందు మెకానిక్‌ను పిలవాలి.