రాజీ వేరు, పునరుద్ధరణ న్యాయం వేరు

తప్పు చేసిన పిల్లవాణ్ణి ఏం చెయ్యాలి? మన ఊళ్లలో ఈ ప్రశ్నకి జవాబు వాడి కులాన్ని బట్టి వస్తుంది. ఊళ్లోవాళ్ల పిల్లవాడు చేస్తే కుర్రతనం, వాడ పిల్లవాడు చేస్తే దొంగతనం. అందుకే నేరం చేసినవాడూ నష్టపోయినవాడూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలనే 'పునరుద్ధరణ న్యాయం' గురించి వినగానే మనకి రచ్చబండే గుర్తొస్తుంది. ఆ అనుమానాన్ని వదులుకోకుండానే న్యూజిలాండ్ వైపు చూద్దాం.

కోర్టులూ సంక్షేమ శాఖా తమ పిల్లల్ని కుటుంబాల నుంచి విడదీసి హోముల్లో పడేస్తున్నాయని 1980లలో అక్కడి మావోరీలు ప్రభుత్వాన్ని నిలదీశారు. మావోరీల దృష్టిలో పిల్లవాడు ఒంటరి కాదు, వాడి మంచిచెడ్డలకి 'ఫానౌ', అంటే బంధువర్గమంతా, బాధ్యత వహించాలి. ఆ ఒత్తిడిలోంచే 1989 చట్టం వచ్చింది. (మన అత్యాచారాల నిరోధక చట్టమూ ఆ ఏడాదిదే!)

హత్యలాంటి నేరాలు తప్ప మిగతా తీవ్రమైన వాటిలో కుటుంబ సమావేశం జరుపుతారు. పిల్లవాడు, తల్లిదండ్రులు, మేనమామలు, మేనత్తలు, బాధితుడు, పోలీసు, సమన్వయకర్త కూర్చుంటారు. పిల్లవాడు నేరం ఒప్పుకోకపోతే అది కోర్టులో తేలాల్సిందే. ఒప్పుకుంటే బాధితుడు తన నష్టం, కోపం వాడి ముందే చెప్పుకోవచ్చు. తర్వాత అందరూ బయటికెళ్లి కుటుంబాన్ని మాత్రం గదిలో వదిలేస్తారు. మా దృష్టిలో కీలకం ఇదే. క్షమాపణా, పరిహారమా, సమాజసేవా అన్నది ముందు వాళ్లే ఆలోచించుకుని చెప్తారు. మన ఊరి రాజీలో దళిత కుటుంబాన్ని ఎన్నడైనా ఇట్లా ఆలోచించుకోనిచ్చారా? పెద్దమనుషులు జరిమానా చెప్తారు, మనం తల వంచుతాం. బాధితుడే దళితుడైతే, కేసు వాపసు తీసుకోమనడమే రాజీ.

అట్లాగని న్యూజిలాండ్‌ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. మావోరీలకి తమదైన న్యాయవ్యవస్థ కావాలని 1988లోనే మోవానా జాక్సన్ అడిగాడు. ప్రభుత్వం ఇవ్వలేదు. రాజ్యం మావోరీల పద్ధతిని పైపైన తొడుక్కుని అధికారం తన దగ్గరే ఉంచుకుందని హువాన్ టౌరి లాంటి మావోరీ పరిశోధకులు విమర్శించారు. యువజన కోర్టుల్లో మావోరీ పిల్లలు ఈనాటికీ జనాభాలో తమ వాటాకి మించే ఉన్నారు.

మన 2015 బాలల న్యాయ చట్టంలో మందలింపు, కౌన్సెలింగ్, సమాజసేవ ఉన్నాయి. బోర్డులో మేజిస్ట్రేటుతోపాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలుంటారు. కానీ 16 నిండినవాడిపై కనీసం 7 ఏళ్ల శిక్షపడే నేరం మోపితే, పెద్దవాడిగా విచారించవచ్చా అని బోర్డే అంచనా వేస్తుంది. వాడ పిల్లవాడి 'పరిస్థితుల్ని' కొలిచే ఆ ముగ్గురిలో వాడని చూసినవాళ్లెందరు?

కాబట్టి ఇలాంటి కార్యక్రమం పట్టుకుని ఎవరైనా వాడకొస్తే మనం అడగాల్సినవి ఉన్నాయి. సమన్వయకర్త ఎవరు? పిల్లవాడు కాదంటే కోర్టుకి పోయే దారి ఉందా? వాడి తరఫున వకీలు ఉంటాడా? కుటుంబానికి విడిగా గది ఇస్తారా? అత్యాచారాల కేసుల్ని మాత్రం ఆ గది గడప తొక్కనివ్వకూడదు.