రెక్క లోపలి బొమ్మ
(భుజానికీ చేతికీ చేసే అల్ట్రాసౌండ్ స్కానింగు గురించి)



"స్కానింగు" అనగానే మన ఊళ్ళలో రెండే గుర్తుకొస్తాయి. ఒకటి, కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు తీసేది. రెండు, నడుము పక్కన పోటు వస్తే కిడ్నీలో రాయి ఉందేమోనని తీసేది. అదే యంత్రంతో భుజం, మోచేయి, మణికట్టు కూడా చూడవచ్చునని చాలామందికి తెలియదు. ఫిజియోథెరపీ పీజీలో చేరేదాకా మేమూ వినలేదు.

రెక్కాడితే గాని డొక్కాడదని పెద్దలు ఊరికే అనలేదు. తుమ్మలపెంట, జువ్వలదిన్నె తీరంలో అలివి వల తాళ్ళు లాగేవారికి, చేపల బుట్టలు తలకెత్తుకునేవారికి, కావలి స్టేషన్‌లో మూటలు మోసేవారికి, రోజూ మనందరికీ పెద్ద పాత్రల్లో అన్నం వార్చేవారికి ఉన్న ఆస్తి ఆ రెక్కే. అది మొరాయిస్తే ఆ పూట ఇల్లు గడవదు. మనలో చాలామంది అటువంటి ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళమే. కనుక రెక్క లోపల ఏముంటుందో, దాన్ని యంత్రం ఎలా చూపిస్తుందో, ఎక్కడ పొరపాటుగా చూపిస్తుందో నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

రెండు అల్ట్రాసౌండ్లు వేరు వేరు

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. ఫిజియోథెరపీ గదిలో నొప్పి ఉన్నచోట జెల్లు రాసి, గుండ్రటి పిడిని తిప్పుతారు. దాన్నీ అల్ట్రాసౌండ్ అనే అంటారు. అది వైద్యం చేసేది. సాధారణంగా 1 లేదా 3 మెగాహెర్ట్జ్ ధ్వనిని లోపలికి పంపుతుంది, బొమ్మ చూపించదు. రెండోది బొమ్మ తీసేది. "నాకు అల్ట్రాసౌండ్ పెట్టారు" అని ఎవరైనా అంటే, "పక్కన టీవీలాంటిది ఉందా?" అని అడగండి. ఏది చేశారో తేలిపోతుంది. ఈ వ్యాసం బొమ్మ తీసే యంత్రం గురించే.

శబ్దంతో బొమ్మ ఎలా వస్తుంది?

మన చెవికి సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల శబ్దం వినిపిస్తుందని ఫిజిక్సులో చదువుకున్నాము. ఈ యంత్రం వాడే ధ్వనికి సెకనుకు లక్షలు, కోట్లలో కంపనాలు ఉంటాయి. 1880లో ఫ్రాన్సులో పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనుగొన్నారు. విద్యుత్తు పెడితే అవే స్ఫటికాలు కంపిస్తాయి. స్కానింగు పిడిలో, అంటే ప్రోబులో, ఉన్న పలకలు పనిచేసేది ఈ సూత్రం మీదే. అవి ధ్వనిని పంపుతాయి, వెంటనే ఆగి ప్రతిధ్వని కోసం ఎదురుచూస్తాయి. చీకట్లో గబ్బిలం చేసే పని కూడా ఇదే.

మన మెత్తని కణజాలంలో ధ్వని వేగం సుమారుగా సెకనుకు 1,540 మీటర్లు. మూడు సెంటీమీటర్ల లోతున్న ఎముకను తాకి వెనక్కి రావాలంటే మొత్తం ఆరు సెంటీమీటర్ల ప్రయాణం. లెక్క వేస్తే సెకనులో పది లక్షల వంతులు సుమారు 39 పడుతుంది. ఎంత ఆలస్యంగా వస్తే అంత లోతు, ఎంత గట్టిగా వస్తే అంత తెలుపు. ఈ రెండు లెక్కలతోనే బొమ్మ తయారవుతుంది. గాలి తగిలితే ధ్వని దాదాపు అంతా అక్కడి నుంచే వెనక్కి తిరిగిపోతుంది. చర్మానికీ ప్రోబుకూ మధ్య గాలి లేకుండా జెల్లు రాసేది అందుకే.

కడుపు స్కానింగుకు సుమారు 2 నుంచి 5 మెగాహెర్ట్జ్ వాడతారు. అది లోతుకు పోతుంది గాని సన్నని వివరాలు చూపదు. భుజానికి, చేతికి అంతకంటె ఎక్కువ, 7 నుంచి 15 మెగాహెర్ట్జ్, ఇంకా పైన కూడా వాడతారు. 10 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక అల పొడవు 0.154 మిల్లీమీటర్లే. కనుక చర్మం కింద ఉన్న సన్నని పోగులు కూడా కనిపిస్తాయి. లోతుకు పోలేకపోయినా ఫరవాలేదు, చేతిలో మనకు కావలసినవి చాలావరకు పైపైనే ఉంటాయి.

ఈ విద్య కొత్తదేమీ కాదు. 1958లో ఆస్ట్రియాకు చెందిన డుసిక్ కీళ్ళ చుట్టూ ఉన్న చర్మం, కొవ్వు, కండ, ఎముక ఒక్కొక్కటి ధ్వనిని ఎంత మింగేస్తాయో కొలిచి చూశారు. 1972లో మెక్‌డొనాల్డ్, లియోపోల్డ్ అనే వైద్యులు మోకాలి వెనుక వాపు నీటి సంచా, రక్తనాళంలో గడ్డా అన్నది అల్ట్రాసౌండ్‌తో వేరుచేసి చెప్పారు. ఆ తర్వాతి దశాబ్దంలో భుజం మీద పని పెరిగింది.

"నరం" అంటే ఏ నరం?

మనవాళ్ళకు అన్నీ నరాలే. "నరం పట్టింది", "నరం ఉబ్బింది", "నరం తెగింది" అంటాము. తెర మీద ఇవి మూడు వేరు వేరు వస్తువులు.

కండను ఎముకకు కట్టి ఉంచే తాడు టెండన్. నిలువుగా చూస్తే కొబ్బరి పీచు తాడులాగా తెల్లని పోగులు పక్కపక్కనే కనిపిస్తాయి. కబురు మోసే నాడిని అడ్డంగా చూస్తే తేనెపట్టులాగా ఉంటుంది. నల్లని చిన్న చుక్కలు, వాటి చుట్టూ తెల్లని గోడలు. రక్తం మోసే సిర నల్లని గొట్టం, ప్రోబుతో కాస్త నొక్కితే మూసుకుపోతుంది. ఎముక పై అంచు ఒక్కటే తెల్లని గీతగా మెరుస్తుంది, దాని వెనుక అంతా నల్లని నీడ. కండ నలుపు, మధ్యలో తెల్ల గీతలు. నీరు చేరితే పూర్తిగా నలుపు.

కనుక ఇంట్లో ఎవరైనా "నరం పోయింది" అని చెబితే, మూడింటిలో ఏదో తెలుసుకోవాలి. మూడింటికీ వైద్యం వేరు.

భుజం చూసే వరుస

భుజం చుట్టూ నాలుగు కండల టెండన్లు కలిసి భుజాస్థి తలను గుంటలో పట్టి ఉంచుతాయి. వీటికి లాటిన్ పేర్లు చూసి తెలుగు మీడియం వారు భయపడతారు. భయం అక్కరలేదు. వీపు పైభాగంలో అంసఫలకం మీద చేయి వేసి చూడండి, అడ్డంగా ఒక గట్టు తగులుతుంది. గట్టుకు పైన ఉన్న కండ సుప్రాస్పైనేటస్. గట్టుకు కింద ఉన్నది ఇన్‌ఫ్రాస్పైనేటస్. ఆ ఎముకకు అడుగున, పక్కటెముకల వైపు ఉన్నది సబ్‌స్కాపులారిస్. నాలుగోది టెరిస్ మైనర్, అంటే గుండ్రటి చిన్నది. పేర్లలోనే అడ్రసులు ఉన్నాయి.

చూడడానికి ఒక వరుస ఉంది. యూరప్‌లోని కండరాల, ఎముకల రేడియాలజీ సంఘం భుజానికి, మోచేతికి, మణికట్టుకు విడివిడిగా పద్ధతి రాసి పెట్టింది. భుజానికి అది సుమారుగా ఇలా ఉంటుంది.

1. మనిషిని కూర్చోబెట్టి, మోచేయి మడిచి, అరచేయి పైకి తిప్పి తొడ మీద పెట్టించాలి. భుజం ముందు భాగంలో రెండు ఎముక బొడిపెల మధ్య కాలువలాంటి గాడి కనిపిస్తుంది. అందులో ఉన్నది బైసెప్స్ టెండన్.

2. మోచేయి ఒంటికి ఆనించి ఉంచి, ముంజేతిని బయటికి తిప్పించాలి. అప్పుడు సబ్‌స్కాపులారిస్ దాగిన చోటు నుంచి ముందుకు వస్తుంది.

3. ప్యాంటు వెనుక జేబులో చేయి పెట్టుకున్నట్టు పెట్టించాలి. మామూలుగా సుప్రాస్పైనేటస్ టెండన్ పై ఎముక చూరు కింద దాక్కుని ఉంటుంది. చేయి వెనక్కి పెడితే బయటికి జరుగుతుంది. ఎక్కువగా అరిగేదీ చిరిగేదీ ఇదే.

4. చేయి ఎదురు భుజం మీద వేయించి వెనుక నుంచి ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరిస్ మైనర్ చూడాలి.

5. చివరిగా చేయి పక్కకు ఎత్తమని చెప్పి, ఎత్తుతుండగానే చూడాలి. టెండన్ చూరు కిందికి సాఫీగా పోతోందా, తట్టుకుంటోందా అన్నది అక్కడే తెలుస్తుంది. మామూలు ఎక్స్‌రేలోను, ఎం.ఆర్.ఐ.లోను మనిషి కదలకుండా ఉండాలి. ఇక్కడ కదిలితేనే మేలు. "ఎక్కడ నొప్పి?" అని అడిగి ఆ వేలు పెట్టిన చోటే ప్రోబు పెట్టవచ్చు. రేడియేషన్ లేదు, ఖర్చు ఎం.ఆర్.ఐ. కంటె తక్కువ. అయితే ఎముక లోపలికి, కీలు లోతుల్లోకి ఇది చూడలేదు. అక్కడ ఎం.ఆర్.ఐ. తప్పదు.

మోచేయి, మణికట్టు

మోచేతి బయటి వైపు ఎముక బొడిపె దగ్గర మణికట్టును పైకెత్తే కండలన్నీ ఒకే టెండన్‌గా అతుక్కుంటాయి. అక్కడి నొప్పిని టెన్నిస్ ఎల్బో అంటారు గాని, టెన్నిస్ బ్యాటు ముట్టనివారికే ఎక్కువగా వస్తుంది. గంటె తిప్పేవారికి, బట్టలు పిండేవారికి, సుత్తి పట్టేవారికి వస్తుంది. మోచేతి లోపలి వైపు వెనుక గాడిలో ఉల్నార్ నాడి ఉంటుంది. బల్లకు మోచేయి తగిలినప్పుడు కరెంటు కొట్టినట్టు అనిపించేది అదే.

మణికట్టు ముందు వైపు ఒక ఇరుకు సొరంగం ఉంది. అందులో తొమ్మిది టెండన్లు, ఒక్క మీడియన్ నాడి. రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి నిద్ర లేచేవారికి ఆ నాడి నొక్కుకుపోతూ ఉండవచ్చు. అడ్డంగా చూసినప్పుడు నాడి వైశాల్యం సాధారణంగా 10 చదరపు మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. నొక్కుకుపోతే సొరంగం ముఖద్వారం దగ్గర ఉబ్బుతుంది. ఏది నాడి, ఏది టెండన్ అని సందేహం వస్తే వేళ్ళు ముడిచి తెరవమనాలి. టెండన్లు చకచకా జారుతాయి, నాడి పెద్దగా కదలదు.

వంగితే తప్పు చెప్పే బొమ్మ

ఇక అసలు విషయానికి వస్తున్నాము. ఈ ప్రయోగం ఈ రాత్రే హాస్టల్లో చేయవచ్చు. అన్నం తినే స్టీలు పళ్ళెం నేల మీద పెట్టి, గదిలో లైటు ఆర్పి, కంటి పక్కనే టార్చి పట్టుకుని నేరుగా పైనుంచి వేయండి. వెలుగు కంట్లో కొడుతుంది. ఇప్పుడు పళ్ళేన్ని ఒక పక్కకు కొద్దిగా ఎత్తండి. వెలుగు గోడ మీదికి పోతుంది, పళ్ళెం నల్లబడుతుంది. పళ్ళెం మారలేదు, వాలు మారింది.

టెండన్ కూడా అంతే. ధ్వని దాని మీద నిట్టనిలువుగా పడితే ప్రతిధ్వని తిరిగి ప్రోబుకే వచ్చి తెల్లగా కనిపిస్తుంది. చేయి కొద్ది డిగ్రీలు వంగినా ప్రతిధ్వని పక్కకు పోయి అక్కడ నల్లగా కనిపిస్తుంది. చిరుగు కూడా నల్లగానే కనిపిస్తుంది! దీన్ని ఇంగ్లీషులో ఎనైసోట్రపీ అంటారు. ముఖ్యంగా సుప్రాస్పైనేటస్ ఎముకకు అతుక్కునే చోట వంపు తిరుగుతుంది కనుక, అక్కడ ఈ మోసం ఎక్కువ.

ఇక్కడ పొరపాటు జరిగితే నష్టం ఎవరికి? వల లాగే మనిషికి "తెగిపోయింది" అని చెబితే ఆయన వేట మానేస్తాడు, ఆపరేషనుకు అప్పు చేస్తాడు. బాగున్న రెక్కను మన వంకర చేయి చింపినట్టవుతుంది. అందుకని మాకు నేర్పే మొదటి నియమం ఇది. నల్లగా కనిపిస్తే ముందు ప్రోబును అటూ ఇటూ వాల్చి చూడాలి. వాలు సరిచేయగానే తెల్లబడితే అది చిరుగు కాదు. నిలువుగానూ అడ్డంగానూ రెండు వైపులా కనబడితేనే నమ్మాలి. రెండో భుజంతో పోల్చాలి. ఆ తర్వాత మనిషిని పరీక్షించాలి.

నిజంగా చిరుగు ఉన్నా తొందర పడరాదు. 1999లో జర్మనీలో భుజం నొప్పి ఏమాత్రం లేని 411 మందికి అల్ట్రాసౌండ్ చేసి చూశారు. 23 శాతం మందిలో చిరుగు ఉంది. 50-59 ఏళ్ళవారిలో 13 శాతం, 80 దాటినవారిలో 51 శాతం. వారెవరికీ నొప్పి లేదు. అంటే బొమ్మలో చిరుగు వేరు, మనిషి బాధ వేరు. తల నెరిసినట్టే టెండన్ కూడా వయసుతో అరుగుతుంది. చాలామందికి వ్యాయామంతోనే చేయి తిరిగి లేస్తుంది.

చట్టం మాట

ఈ యంత్రాన్ని ఎవరుపడితే వారు, ఎక్కడపడితే అక్కడ వాడరాదు. గర్భంలో ఆడో మగో చెప్పడాన్ని ఆపడానికి 1994లో చట్టం వచ్చింది, 2003లో దాన్ని ఇంకా కట్టుదిట్టం చేశారు. దాని ప్రకారం యంత్రం ఉన్న చోటు రిజిస్టరు కావాలి, అర్హత ఉన్న వైద్యులే స్కానింగు చేయాలి. "భుజానికే వాడతాము" అన్నా యంత్రం యంత్రమే. కనుక మా నేర్చుకోవడం రేడియాలజీ గదిలో డాక్టరు గారి ముందే. చేయి వారిది, భుజం మాలో ఒకరిది. స్కానింగుకు ముందు టెండన్ ఎక్కడ ఉండాలో చర్మం మీద పెన్నుతో గీస్తాము, తర్వాత తెర మీద సరిచూసుకుంటాము. మంచి ఆడపిల్లల కోసం వచ్చిన చట్టం ఇది. దాన్ని గౌరవిస్తూనే చదువుకోవచ్చు.

తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు

బైపీసీ చదివేవారికి ఎం.బి.బి.ఎస్. ఒక్కటే దారి కాదు. ఫిజియోథెరపీ ఉంది, రేడియాలజీ, ఇమేజింగ్ టెక్నాలజీ కోర్సులు ఉన్నాయి. ఈ వృత్తులకు 2021లో పార్లమెంటు ప్రత్యేకంగా జాతీయ కమిషన్ చట్టం చేసింది. వీటిలో చేరేవారికి మా సలహా ఒక్కటే. ఎముకల సెట్టు కొనే స్తోమత లేదని వెనుకాడవద్దు. పక్క మంచం మీద పడుకున్న మిత్రుడికి 206 ఎముకలూ ఉన్నాయి. అతని అనుమతి అడిగి గట్టు ఎక్కడో, గాడి ఎక్కడో వేలితో వెతకండి. చేయి తిప్పమని, వేలి కింద ఏది కదిలిందో చూడండి. రోజుకు పది నిమిషాలు చాలు. వేలికి తెలిసినదే రేపు కంటికి తెర మీద అర్థమవుతుంది.

ఇంట్లో అమ్మకో నాన్నకో భుజం నొప్పి ఉండి చేయి ఎత్తలేకపోతే, సెలవులకు వెళ్ళినప్పుడు ఆసుపత్రికి తీసుకుపొండి. రిపోర్టులో "చిరుగు" అని ఉంటే బెదిరిపోకుండా డాక్టరు గారిని మూడు ప్రశ్నలు అడగండి. రెండు వైపులా చూశారా? రెండో భుజం ఎలా ఉంది? వ్యాయామంతో తగ్గే అవకాశం ఉందా? అడగడం తప్పు కాదు. రెక్క వారిది, ఆ రెక్క మీద బతికేది మన కుటుంబం.