సగం దూరంలో పండుగ సెలవులు

దొరికిన రెండు రోజుల సెలవూ ప్రయాణాలకే సరిపోతే, ఎదిగిన పిల్లలు ఇంటికి వచ్చి ఏమి సుఖం? మా అమ్మాయి హైదరాబాదులోను, అబ్బాయి చెన్నైలోను ఉంటున్నారు. మేము తుని దగ్గర పల్లెలో. అందుకని 2023లో క్రిస్మస్ ఆరాధన మా సంఘంలో ముగించుకొని, మరునాడు అందరమూ విజయవాడలో మా పిన్నిగారింట కలిసికొన్నాము. మాకు సుమారు 250 కిలోమీటర్లు, అమ్మాయికి 275. అబ్బాయికే కొంచెం ఎక్కువ.

చిక్కల్లా మా టామీతోనే. పన్నెండేళ్ల ముసలి కుక్క, మేము లేకపోతే మెతుకు ముట్టదు. రైలులో స్లీపరు పెట్టెలోకి గాని, టూటైర్, త్రీటైర్ ఏసీలలోకి గాని కుక్కలను రానివ్వరు. ఫస్టు ఏసీలో కూపే మొత్తం మనకే దొరికితే తీసుకొని వెళ్లవచ్చును. అది మనబోటివారికి అయ్యే పనా! లేదంటే ముందుగా పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి, గార్డు ఉండే పెట్టెలోని కుక్కల అరలో పంపాలి. టీకా కాగితాలు దగ్గర ఉంచుకోవాలి. తిండి, నీళ్లు మనమే చూసుకోవాలి. మండువేసవిలో మాత్రం ఆ అర వద్దనే అంటాము. డిసెంబరు గనుక గోనెపట్టా పరచి ఎక్కించాము. రాజమండ్రిలో బండి ఆగగానే పరుగున వెళ్లి చూసి వచ్చాము.

టామీని చిన్న పిల్లగా ఇంటికి తెచ్చింది అబ్బాయే. ఇంటికి వచ్చి నాలుగేళ్లయింది. విజయవాడ ప్లాట్‌ఫారం మీద అది వాడి బూట్లు వాసన చూసి ప్రక్కకు తిరిగింది. వాడి ముఖం చిన్నబోయింది. మెల్లగా వెనుకటిలాగే ఈల వేశాడు. ఇక చూడాలి దాని గంతులు!

సాయంత్రం మేమంతా ప్రకాశం బ్యారేజీ చూడబోతే అది వాడి మంచం దగ్గరనుండి కదలలేదు. వాడూ రాలేదు.