కారు ఆయిల్ తాగుతోందా? ఇంజన్ విప్పే ముందు ఒక్క లెక్క చూడండి!

ఫోన్‌లో ఛార్జింగ్ ఎంతుందో ఎవర్ని అడిగినా టక్కున చెప్పేస్తాం. ఇంట్లో కారుకి ఇంజన్ ఆయిల్ ఎంతుందని అడిగితే? ‘ఎర్ర లైటు వెలగలేదుగా’ అంటాం. చిక్కంతా అక్కడే. డాష్‌బోర్డులో నూనె డబ్బా బొమ్మతో ఉండే ఆ లైటు చెప్పేది ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని. అది వెలిగాక కాసేపు నడిపినా బేరింగులు పోవచ్చు. చాలా కార్లలో ఆయిల్ తగ్గుతున్న సంగతి అంతకుముందే చెప్పేది డిప్‌స్టిక్కే.

మా చిన్నాయన నారాయణఖేడ్‌లో ఉంటాడు. తొమ్మిదేళ్ల పాత పెట్రోల్ కారు కిరాయికి తిప్పుతాడు. బీదర్ ఆస్పత్రులకు, సంగారెడ్డికి, పెళ్లిళ్లప్పుడు హైదరాబాద్‌కు. 1,12,000 కిలోమీటర్లు దాటాక అది ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే వెనక నీలం పొగ. ఊళ్లో చూపిస్తే ‘రింగులు పోయినయ్ అన్నా, హాఫ్ ఇంజన్ చేయాలె. నలభై వేలు పెట్టుకో’ అన్నారు. చిన్నాయనకి అది నాలుగు నెలల బ్యాంకు కిస్తీ. అమ్మేద్దామా అని నాకు ఫోన్ చేశాడు.

నేను మెకానిక్‌ని కాను, కోడ్ రాసుకునేవాణ్ని. బగ్ వస్తే మేం ముందు లాగ్ చూస్తాం, ఆ తర్వాతే కోడ్‌లో చెయ్యి పెడతాం. అందుకే ‘ఎంత తాగుతోంది చిన్నాయనా?’ అని అడిగా. ‘మస్తు తాగుతుందిరా’ అన్నాడు. మస్తు అంటే ఎంతో తేలాలి కదా!

ఆ వారాంతం ఊరెళ్లా. సమంగా ఉన్న నేల మీద కారు పెట్టి, ఇంజన్ ఆపి పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ పై గీత దాకా ఆయిల్ నింపాం. మీటర్ రీడింగ్ రాసుకున్నాం. (గీత దాటి పోయకండి, ఎక్కువైనా ముప్పే.) రాత్రి కారు కింద అట్టముక్క పరిస్తే పొద్దున ఒక్క మరక లేదు. అంటే లీకేజీ కాదు, లోపలే కాలిపోతోంది. 1,000 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ పై గీతకు రావడానికి 800 మి.లీ. పట్టింది. బాగున్న ఇంజన్‌కీ కాస్త ఖర్చుంటుంది. 1,000 కి.మీ.కు అర లీటరు దాకా మామూలే అని రాసిన కంపెనీ మాన్యువళ్లూ ఉన్నాయి. 800 మాత్రం ఎక్కువే.

ఇక పొగ ఎప్పుడొస్తోందో చూడాలి. రాత్రంతా ఆగిన కారు పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున వచ్చి ఆగిపోతే అనుమానం వాల్వ్ సీళ్ల మీద. వాల్వ్ కాడలకు తొడిగే చిన్న రబ్బరు టోపీల్లాంటివి ఇవి. ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి, పైనున్న ఆయిల్‌ని సిలిండర్‌లోకి జారనిస్తాయి. ఎత్తు ఎక్కుతూ లాగుతున్నంతసేపూ నీలం పొగ వస్తే రింగుల్ని అనుమానించాలి. చిన్నాయన కారుది పొద్దుటి పొగే.

బీదర్‌లో ఒక ఉస్తాద్ దగ్గర కంప్రెషన్ గేజ్ ఉందంటే వెళ్లాం. ప్లగ్గులు విప్పి, గేజ్ పెట్టి సెల్ఫ్ కొట్టించాడు. 165, 160, 170, 165 పీఎస్ఐ. తర్వాత ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూశాడు. రింగులు అరిగి ఉంటే ఆ ఆయిల్ సందులు మూసేసి ప్రెషర్ బాగా పెరగాలి. ముల్లు పెద్దగా కదల్లేదు. ‘ఇంజన్ నక్కో ఖోలో’ అన్నాడు.

తర్వాత పీసీవీ వాల్వ్ ఊడదీసి చెవి దగ్గర ఆడించాడు. బాగుంటే టకటకమనాలి. చప్పుడే లేదు, మడ్డి పట్టి బిగుసుకుపోయింది. ఇంజన్ అడుగున చేరే గ్యాసుల్ని తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపే బుల్లి వాల్వ్ అది. తెరుచుకుని ఇరుక్కుంటే గ్యాసుతో పాటు ఆయిల్‌నీ పీల్చేస్తుంది. మూసుకుని ఇరుక్కుంటే లోపల ప్రెషర్ పెరిగి ఆయిల్‌ని బయటికి తోస్తుంది. ఖరీదు కొన్ని వందలు!

అది మార్చాడు, వాల్వ్ సీళ్లూ మార్చాడు. హెడ్ దించకుండానే. ప్లగ్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పట్టి, వాల్వులు కింద పడిపోకుండా నిలబెట్టి, పైనుంచే పని కానిచ్చాడు. సామాన్లు, కూలీ, కొత్త ఆయిల్ కలిపి 8,600 రూపాయలు.

అన్ని కార్లకీ ఇంత తేలిగ్గా తెగదు. కంప్రెషన్ బాగున్నా ఆయిల్‌ని గీకే అడుగు రింగు మసి పట్టి పనిచేయకపోవచ్చు. అమెరికాలో మనవాళ్లు తెగ కొన్న టయోటా కామ్రీల్లో 2007–09 నాటి 2.4 లీటర్ల ఇంజన్లకు వచ్చిన జబ్బు రింగుల దగ్గరిదే. చివరికి కంపెనీయే వారంటీ పొడిగించి పిస్టన్లు, రింగులు మార్చింది. అయితే ముందు ఆయిల్ నింపి, 1,200 మైళ్లు తిప్పించి, ఎంత తగ్గిందో కొలిచాకే. మేం చేసిన పనే అన్నమాట.

పొగ ఆపుతాయంటూ అమ్మే డబ్బాల జోలికి మాత్రం నేను వెళ్లను. చిక్కటి ఆయిల్ పోయమనే సలహా కూడా అంతే. కొన్నాళ్లు పొగ తగ్గొచ్చు, గట్టిపడిన రబ్బరు మెత్తబడదు. పైగా ఇప్పటి ఇంజన్లలో సన్నటి దారులకు పల్చటి ఆయిలే కావాలి.

ఇప్పుడు 1,000 కి.మీ.కు 150 మి.లీ. తగ్గుతోంది. చిన్నాయన కిరాయిల డైరీలో ఇంకో గడి గీసుకుని, వారానికోసారి డిప్‌స్టిక్ చూసి రాస్తున్నాడు. ఈ 150 ఆ డైరీలోంచి తీసుకున్నదే.