128 కలిపితే కన్నడం!

మల్లట్ (రాయచూరు జిల్లా): ఇంట్లో తెలుగు.. బడిలో కన్నడం. మల్లట్, మాన్వి, సింధనూరు వైపు తెలుగు ఇళ్లలో ఇది పాత ముచ్చటే. తుంగభద్ర కాలువ నీళ్ల వెంట కోస్తా నుంచి వచ్చి క్యాంపులు కట్టుకున్నవాళ్ల ఇళ్లలో ఇప్పుడు మూడో తరం నడుస్తోంది. నాయనమ్మకు తెలుగు అక్షరాలే వచ్చు. మనవడికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. ఆమె రాసిన ఉత్తరం వాడి చేతికొస్తే 'ఏముందో నువ్వే చదివి చెప్పు' అంటాడు. భాష ఉంది, లిపి పోయింది!

ఆ ఇంట్లో పెళ్లి కుదిరిందనుకోండి. పిలవాల్సినవాళ్లు మూడు వందల మంది. సగం మంది పేర్లు తెలుగులో వేయాలి, సగం కన్నడంలో. కంప్యూటర్ సెంటర్ కుర్రాడు ఒకసారి తెలుగులో కొట్టి, మళ్లీ మొదట్నుంచీ కన్నడంలో కొడతాడు. రెండోసారి కొట్టేటప్పుడు ఒక దీర్ఘం ఎగిరిపోతుంది, ఒక ఒత్తు మారిపోతుంది. కార్డు అందుకున్న మేనమామ అలుగుతాడు. ఇంత గొడవ లేకుండా జావాస్క్రిప్ట్‌లో నాలుగు వరుసలు రాస్తే రెండో లిపి క్షణంలో వచ్చేస్తుంది. అందులో ఉన్న కిటుకల్లా ఒక్కటే.. 128 కలపడం.

గళ్ల పక్కన గళ్లు

కంప్యూటర్‌కు అక్షరం తెలియదు, అంకె తెలుసు. ప్రపంచంలోని లిపులన్నిటికీ యూనికోడ్ అనే పట్టిక తలా ఒక నంబరు ఇచ్చింది. అందులో 3072 నుంచి 3199 వరకు తెలుగు వీధి. 3200 నుంచి 3327 దాకా కన్నడ వీధి. అంటే పక్కపక్క వీధులే, చెరి 128 ఇళ్లు. తమాషా ఏంటంటే ఇళ్ల వరుస కూడా ఒకటే. తెలుగు 'అ' నంబరు 3077, కన్నడ 'అ' 3205. తెలుగు 'క' 3093, కన్నడ 'క' 3221. ఎక్కడ చూసినా తేడా 128.

ఇది యాదృచ్ఛికం కాదు. మన దేశంలో భాషలన్నిటికీ ఒకే కీబోర్డు, ఒకే వరుస ఉండాలని 1980ల్లోనే 'ఇస్కీ' అనే ప్రమాణం తయారైంది. యూనికోడ్ వాళ్లు భారతీయ లిపులకు చోటిచ్చినప్పుడు దాని 1988 నాటి రూపాన్నే తీసుకున్నారు. అందుకే దేవనాగరి మొదలు మలయాళం వరకు తొమ్మిది లిపులూ 128 ఎడంతో వరుసగా కూర్చున్నాయి. తమిళానికి మాత్రం అక్షరాలు తక్కువ కాబట్టి మధ్యలో గళ్లు ఖాళీగా ఉంటాయి. తెలుగు, కన్నడలకు ఆ బాధ లేదు. పూర్వం ఒకే లిపిగా ఉండి విడిపోయిన అన్నదమ్ములాయె. ఇంకా వెనక్కి వెళితే ఇదే జిల్లాలోని మస్కిలో 1915లో బయటపడిన అశోకుడి శాసనం ఉంది. అందులోని బ్రాహ్మి ఈ రెంటికీ తాత.

పని ఇలా జరుగుతుంది

రాసిన వాక్యాన్ని ప్రోగ్రాం ఒక్కో గుర్తుగా తీసుకుంటుంది. 'ఛార్‌కోడ్‌ఎట్' అని అడిగితే దాని నంబరు చెబుతుంది. ఆ నంబరు 3072 కంటే తక్కువైనా, 3199 దాటినా ముట్టుకోకుండా వదిలేయాలి. చుక్కలు, కామాలు, ఇంగ్లీషు అక్షరాలు, ఫోన్ నంబర్లు అలాగే ఉండాలిగదా! మధ్యలో ఉంటే 128 కలిపి, 'ఫ్రమ్‌ఛార్‌కోడ్'తో మళ్లీ అక్షరంగా మార్చాలి. అన్నీ కలిపి అతికించాలి. అంతే.

'మల్లట్' అనే మాటే తీసుకోండి. మనకు కనిపించేవి మూడక్షరాలు. లోపల ఉన్నవి ఆరు గుర్తులు.. మ, ల, పొల్లు, ల, ట, మళ్లీ పొల్లు. వాటి నంబర్లు 3118, 3122, 3149, 3122, 3103, 3149. ఒక్కోదానికి 128 కలిపితే 3246, 3250, 3277, 3250, 3231, 3277. తెరమీద కన్నడ మల్లట్ ప్రత్యక్షం! ఒత్తు ఎక్కడ వేలాడాలి, కొమ్ము ఎటు తిరగాలి అన్నది ప్రోగ్రాం రాసేవాడి తలనొప్పి కాదు. అది ఫాంటు చూసుకుంటుంది.

ఫాంటు ఎంత పని చేస్తుందో 'ధర్మ' అనే మాటలో తెలుస్తుంది. తెలుగులో 'ర' పైన రాసి 'మ' ఒత్తు కింద పెడతాం. కన్నడంలో 'మ' రాసి, 'ర్' గుర్తును దాని కుడిపక్కన పెడతారు. దాన్ని వాళ్లు అర్కావత్తు అంటారు. పాత తెలుగు పుస్తకాలు చూసినవాళ్లకు వలపలగిలక గుర్తొస్తుంది, అదీ ఇలాంటిదే. చూపుకు వరుస మారినట్టున్నా లోపల నంబర్ల వరుస మారదు. 128 కలిపి వదిలేస్తే చాలు, కన్నడ ఫాంటు దాన్ని కన్నడ పద్ధతిలో కూర్చుతుంది.

తిరగేస్తే తెలుగు

కలిపే చోట తీసేస్తే కన్నడం తెలుగవుతుంది. క్యాంపులో పెద్దాయనకు పొలం పహణి చూస్తే అక్షరాలు అడ్డొస్తాయి. అదే మాటలు కన్నడంలో టైపు చేసి 128 తీసేస్తే తెలుగు అక్షరాల్లో చదువుకోవచ్చు. అయితే ఒక మాట. మారేది లిపే, భాష కాదు. 'హెసరు' తెలుగు అక్షరాల్లోకి వచ్చినా 'హెసరు' గానే ఉంటుంది, 'పేరు' కాదు. సరిహద్దు మనుషులకు అది చిక్కేం కాదు. ఇక్కడ 'బెళె' అంటే పంట అని తెలియనివారెవరు? కడపవాళ్లకైతే అర్థం చెప్పే మనిషి కావాలి.

పని చేయని చోట్లు కూడా చెప్పుకోవాలి. 'చాప', 'జామ' లాంటి మాటల్లో పలికే దంత్య చ, జలకు తెలుగు పట్టికలో ౘ, ౙ అని వేరే గళ్లున్నాయి. వాటికి ఎదురుగా కన్నడ వీధిలో ఇళ్లు ఖాళీ. అవి తగిలితే తెరమీద డబ్బా బొమ్మ వస్తుంది. కాబట్టి ముందే వాటిని మామూలు చ, జలుగా మార్చేయాలి. రోజువారీ రాతలో వీటిని వాడేవాళ్లు తక్కువే గనుక పెద్ద నష్టం లేదు.

అసలు దెబ్బ పాత ఫాంట్ల దగ్గర తగులుతుంది. డీటీపీ షాపుల్లో తెలుగుకు అను, కన్నడానికి పాత నుడి ఫాంట్లతో కొట్టిన ఫైళ్లు కుప్పలుగా ఉంటాయి. పైకి కనిపించేది తెలుగే, కన్నడమే. లోపల ఉన్నవి మాత్రం యూనికోడ్ నంబర్లు కావు, ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గళ్లు. వాటిమీద 128 మంత్రం పారదు. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మూడు వందల పేర్లు కొత్తగా కొట్టేటప్పుడే యూనికోడ్‌లో కొడితే ఈ తిప్పలు ఉండవు.

జాబితా సర్దుడు

పేర్లు వచ్చాక వరుసలో పెట్టాలి. జావాస్క్రిప్ట్‌లో 'సార్ట్' అంటే ఆ పని అవుతుంది. కానీ కొన్ని పేర్లు తెలుగులో, కొన్ని కన్నడంలో ఉంటే తెలుగువన్నీ ముందు, కన్నడవన్నీ వెనక వస్తాయి. తెలుగు వీధి నంబర్లు చిన్నవి మరి! అన్నిటినీ ఒకే లిపిలోకి తెచ్చి సర్దితే అకారాదిగా కలిసిపోతాయి. ఒకే మనిషి పేరు తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి పడి ఉంటే అదీ అప్పుడే దొరుకుతుంది. లిపి ఒకటి చేసి, చివర్లో మిగిలిన ఖాళీలను 'ట్రిమ్'తో కోసి, 'సెట్'లో వేస్తే రెండోసారి వచ్చిన పేరు దానంతటదే రాలిపోతుంది.

అంకెలను మాత్రం ఊరికే 'సార్ట్' చేయకూడదు. 9, 25, 100 బస్తాల లెక్క ఇస్తే 100, 25, 9 అని సర్దుతుంది. అంకెలను కూడా మాటల్లాగా మొదటి అక్షరం చూసి పోల్చడం దాని అలవాటు. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి పోల్చమని చెప్పాలి. వడ్ల లెక్క రాసుకునే చోట ఇది తెలియకపోతే కొంప మునుగుతుంది.

తేదీలదీ అదే తంతు. నెలలను సున్నా నుంచి లెక్కబెడుతుంది, జూన్ అంటే దానికి 5. '05/06/2024' అని ఇస్తే మనం జూన్ 5 అనుకుంటాం, అది అమెరికా లెక్కన మే 6 అనుకుంటుంది. ఎరువుల బాకీ గడువు నెల ముందుకు జరిగినట్టే! రోజు, నెల, ఏడు విడివిడిగా ఇవ్వడం మేలు. 12,50,000 లాంటి అంకెకు మన పద్ధతిలో కామాలు కావాలంటే 'టులోకేల్‌స్ట్రింగ్'కు భారతదేశం అని చెప్పాలి. లేదంటే యంత్రంలో అమెరికా సెట్టింగు ఉంటే 1,250,000 అని చూపిస్తుంది.

మాటను తిరగేయడం ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకు మొదటి రోజుల్లో ఇచ్చే లెక్క. ఇంగ్లీషులో ఇట్టే వస్తుంది. 'రాయచూరు'ను తిరగేసి చూడండి.. తలలేని కొమ్ము ఒకటి ముందుకొచ్చి, తర్వాత 'రూచయార' అని పడుతుంది. గుణింతాలు పక్కవాళ్ల ఇళ్లలో దూరిపోతాయన్నమాట. దీనికి మందు 'ఇంటిల్ సెగ్మెంటర్'. అది రా, య, చూ, రు అని నాలుగక్షరాలుగా విడదీసి ఇస్తుంది. క్రోమ్‌లో 2020లోనే వచ్చింది, ఫైర్‌ఫాక్స్‌లో 2024 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇన్ని వంకరలు ఎందుకంటే, ఈ భాష పుట్టిందే హడావుడిలో. 1995 మే నెలలో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో దీని తొలి రూపం రాశాడు. సున్నాతో మొదలయ్యే నెలల లెక్క అప్పటి జావా నుంచి యథాతథంగా దిగింది. ఆ తర్వాత ప్రపంచంలోని వెబ్ పేజీలన్నీ దీనిమీద ఆధారపడ్డాయి, పాత తప్పు సరిదిద్దితే అవి పాడవుతాయి. అందుకే అలాగే ఉంచేశారు.

దీనికి కొనాల్సింది, ఎక్కించాల్సింది ఏమీ లేదు. కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచి ఎఫ్12 నొక్కితే కన్సోల్ వస్తుంది, అక్కడే రాసి చూసుకోవచ్చు. నాలుగు వరుసలను ఒక హెచ్‌టీఎంఎల్ ఫైల్‌లో పెట్టి, పైన తెలుగు రాసే పెట్టె, కింద కన్నడం వచ్చే పెట్టె పెడితే మామూలు ఫోన్‌లో, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. నాయనమ్మ ఉత్తరాన్ని పైపెట్టెలో కొట్టాల్సింది మాత్రం తెలుగు చదవడం వచ్చినవాళ్లే.