ఇంగ్లండు బండి.. ఇటలీ బండి!

భద్రాచలం: 1965లో గోదావరిపై వంతెన పూర్తయ్యాక కొత్తగూడెం వైపు నుంచి రామయ్య దర్శనానికి కార్లు నేరుగా రాసాగాయి. ఆ రోజుల్లో కారంటే జనానికి తెలిసినవి ముఖ్యంగా రెండే. ఒకటి అంబాసిడర్, రెండోది ఫియట్. మొదటిదాని పుట్టిల్లు ఇంగ్లండు, రెండోదానిది ఇటలీ.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో కలకత్తా సమీపంలోని ఉత్తరపారాలో తయారైంది అంబాసిడర్. దాని పాత పెట్రోలు ఇంజను 1489 సీసీ. ఇంటిల్లిపాదీ సర్దుకొని కూర్చోవచ్చు. గుంతల దారికీ వెరవదు. 1964 నుంచి బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ ఫియట్ 1100 డిలైట్‌ను తయారుచేసింది. ఇదే తర్వాత పద్మిని అయింది. ఇంజను 1089 సీసీ. బండి తేలిక, పెట్రోలు ఖర్చు తక్కువ. రెండింటికీ గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉండేది. ఏజెన్సీ మట్టి రోడ్లకు అంబాసిడర్, పొదుపుకు ఫియట్ అనుకోవచ్చు.

పద్మిని తయారీ ఎప్పుడో ఆగింది. అంబాసిడర్ 2014లో ఆగింది. బొంబాయిలో చివరి పద్మిని టాక్సీ కూడా 2023లో రోడ్డు దిగింది. ఒకప్పుడు వీధివీధిన తిరిగిన బండ్లు ఇప్పుడు అపురూపమయ్యాయి.

ఏ దొడ్లోనైనా ఇలాంటి కారు మూలబడి ఉంటే పాత ఇనుము కింద తూకానికి వేసేముందు యజమానులు ఆర్‌సీలో సంవత్సరం చూసుకోవడం మంచిది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపు మారని బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. కొత్త నమోదుకు రుసుము రూ. 20,000. పాత నంబరు ఉంటే అదే నిలుస్తుంది. అయితే రోజువారీ ప్రయాణాలకు, కిరాయికి తిప్పరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకెళ్లవచ్చు.

తుక్కులో కలిస్తే మాత్రం మళ్లీ దొరకదు.