అద్దం వెనుక రాణిగారి కొలువు

బ్రిటన్‌లో వేసవి వ్యవసాయ ప్రదర్శనలకు వెళ్లినవాళ్లు తేనె సీసాలను ఒక చూపు చూసి వదిలేస్తారు. మూగేది మాత్రం సన్నని అద్దాల పెట్టె ముందు. లోపల బతికున్న తేనెటీగలు! పిల్లలు అద్దానికి ముక్కు ఆనించి వెతికేది ఒక్కదానికోసమే: రాణి ఎక్కడ?

వెతుకులాట తేలికవ్వాలని పెంపకందారులు రాణి వీపు మీద రంగుచుక్క పెడతారు. దానికీ లెక్కుంది. 4, 9 అంకెలతో ముగిసే ఏడాది రాణికి ఆకుపచ్చ, 5, 0 అయితే నీలం. చుక్క చూస్తే వయసు తెలిసిపోతుంది.

రాణి కంటపడే కిటుకంతా పెట్టె మందంలోనే ఉంది. ఒకే వరుస తేనెపట్టు ఇమిడేంత సన్నగా చేస్తారు; రెండు వరుసలుంటే రాణి మధ్యలో దాక్కుంటుంది. అద్దానికీ పట్టుకూ మధ్య ఈగ నడిచేంత సందు, సుమారు 8 మిల్లీమీటర్లు, వదలాలి. ఎక్కువైతే అక్కడా మైనం కట్టేసి అద్దాన్ని మూసేస్తాయి.

నిజానికి ఈగలకు ఇది సుఖమైన కాపురం కాదు. పిల్లపురుగులకు 34, 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. ఒంటి పట్టు ఇట్టే చల్లారుతుంది, ఎండ తగిలితే మైనం మెత్తబడుతుంది. అందుకే నీడన ఉంచి, ప్రదర్శన కాగానే అసలు గూటికి చేరుస్తారు.

ఇలా గూటిలోకి తొంగిచూడటం వినోదానికే కాదు, పరిశోధనకూ పనికొచ్చింది. స్విట్జర్లాండ్ పరిశోధకుడు ఫ్రాన్స్వా హ్యూబర్‌కు చూపులేదు. సహాయకుడు బర్నెన్స్ కళ్లతో, పుస్తకంలా తెరుచుకునే గూటితో ఈగల గుట్టు విప్పి 1792లో గ్రంథం వెలువరించాడు. తర్వాత మరో పరిశోధకుడు కార్ల్ ఫాన్ ఫ్రిష్ అద్దాల గూటి ముందు కూర్చునే, ఈగల నాట్యంలో పూల దిక్కూ దూరమూ ఉన్నాయని పసిగట్టాడు. 1973లో నోబెల్ అందుకున్నాడు.

అలాంటి అద్దాల పెట్టె ఎప్పుడైనా ఎదురైతే తనివితీరా చూడండి, అద్దాన్ని మాత్రం తట్టకండి. ఆ అదురుకు ఈగలు బెదురుతాయి.